‘మంచి ఏరియా’ అంటే ఎవరి ఏరియా?

మా అక్క గత ఏడాది పదవీ విరమణ చేసింది. ప్రకాశం జిల్లాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ముప్పై అయిదేళ్లు నర్సుగా పనిచేసింది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, సెలవుల నగదు, పీఎఫ్ అన్నీ కలిపి ఆమె చేతికి 39 లక్షల రూపాయలు వచ్చాయి. మా మాదిగపల్లెలో పుట్టిన మనిషి అంత డబ్బు ఒకేసారి చూడడం మా కుటుంబంలో అదే మొదలు. పింఛను ఆమె ఇంటి ఖర్చుకు సరిపోతుంది. ఈ డబ్బుతో హైదరాబాదులో ఒక చిన్న ఫ్లాటు కొని అద్దెకివ్వాలన్నది ఆమె కోరిక. నాకు ఫోన్ చేసి అడిగింది: ‘‘నువ్వక్కడే కదా చదివింది. ఏ ఏరియా మంచిదో చెప్పమ్మాయ్.’’

నన్ను చదివించింది అక్కే. ఆమె అడిగినదానికి జవాబు చెప్పలేని సందర్భాలు నాకు అరుదు. ఈసారి మాత్రం తడబడ్డాను. పరిశోధక విద్యార్థిగా ఏడేళ్లు ఆ నగరంలో ఉన్న మాట నిజమే. కానీ నాకు తెలిసిన హైదరాబాదు విశ్వవిద్యాలయ హాస్టలు, ఒక అద్దె గది, కొన్ని బస్సు రూట్లు. ఇల్లు కొనడానికి ఏది మంచి చోటు అన్న ప్రశ్న నాకు ఎప్పుడూ ఎదురుకాలేదు. ఎదురైన తర్వాత, ఆ ‘మంచి’ అనే మాటను ముందు విప్పి చూడకుండా సమాధానం చెప్పలేనని అర్థమైంది. అక్కతో కలిసి మూడు విడతలుగా ఆ నగరం తిరిగిన అనుభవం నుంచే ఈ నాలుగు మాటలు.

తెలియని నగరం ఎవరికి?

ఒక నగరం అందరికీ ఒకే విధంగా తెలియనిదై ఉండదు. ఊరు విడిచి నగరానికి వచ్చే అగ్రకులస్థుడికి అక్కడ ‘మనవాళ్లు’ ముందే ఉంటారు. ఏ కాలనీలో ప్లాట్లు పడుతున్నాయో, ఏ బిల్డరు మాట మీద నిలబడతాడో, ఎక్కడ రేటు పెరగబోతోందో ఆ మనవాళ్ల ద్వారానే తెలుస్తుంది. ఇది నిన్నమొన్నటి ఏర్పాటు కాదు. హైదరాబాదులో రెడ్డి హాస్టలు 1918లో ఏర్పడింది. ఆ తర్వాత ఇంకా అనేక కులాల వసతి గృహాలు వెలిశాయి. పల్లె నుంచి చదువుకోసం వచ్చిన పిల్లలకు అవి అన్నం, పడక ఇచ్చాయి. అంతకంటే విలువైనది మరొకటి కూడా ఇచ్చాయి: నగరంలో జీవితాంతం అక్కరకొచ్చే పరిచయాలు. వాటి సేవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పెట్టుబడి అంటే డబ్బు ఒక్కటే కాదని, సమాచారం కూడా పెట్టుబడేనని, అది కులం గుండా ప్రవహిస్తుందని చెప్పడమే ఉద్దేశం.

మాకు దక్కినవి ప్రభుత్వ సాంఘిక సంక్షేమ హాస్టళ్లు. అవి లేకపోతే నేను ఈ వ్యాసం రాసే స్థితిలో ఉండేదాన్ని కాదు. అయితే అక్కడ పక్క మంచం మీద పడుకున్న అమ్మాయి కూడా నాలాగే నగరంలో ఎవరూ లేని పిల్ల. నా సహాధ్యాయినులు మంచి ఉద్యోగాల్లో స్థిరపడ్డారు, కానీ ఏ వెంచరులో ఎకరం ఎంత పలుకుతోందో చెప్పగలిగినవారు వారిలో ఒక్కరూ లేరు. కనుక అక్క, నేను ఆ నగరంలోకి కొత్తవాళ్లుగానే అడుగుపెట్టాం.

‘మీరేమిట్లు?’

నేను పీహెచ్‌డీ చివరి ఏడాదిలో హాస్టలు ఖాళీ చేసి గది వెతుక్కున్నాను. మొదటి ఇంటావిడ ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది. కాఫీ ఇచ్చింది. ఊరు అడిగింది, ఇంటిపేరు అడిగింది. ఇంటిపేరుతో తేలకపోయేసరికి ‘‘మీరేమిట్లమ్మా?’’ అని సూటిగానే అడిగింది. చెప్పాను. మర్నాడు అడ్వాన్సు తీసుకుని వెళితే, మా ఆడపడుచు కొడుకు వస్తున్నాడు, గది వాడికే కావాలి అంది. రెండో ఇంట్లో ‘వెజిటేరియన్లకు మాత్రమే’ అన్న బోర్డు ముందే జవాబు చెప్పేసింది. మూడో ఇంటివారు కారణం చెప్పలేదు. నాలుగో ఇంటి యజమాని రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన మూడు ప్రశ్నలే వేశాడు: ఏం చేస్తున్నావు, నెలకు స్కాలర్‌షిప్ ఎంత వస్తుంది, అద్దె ఏ తారీఖున ఇస్తావు. ఆయనదే కులమో నాకు ఈనాటికీ తెలియదు. రెండేళ్లు ఆ ఇంట్లో ఉన్నాను.

ఈ అనుభవంలో కొత్తదనమేమీ లేదు. కొలంబియాలో చదివి వచ్చిన అంబేడ్కర్ 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకు నగరంలో ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని ఉండవలసి వచ్చింది. సంగతి బయటపడి కర్రలతో వచ్చినవారు వెళ్లగొడితే, ఇద్దరు మిత్రులను ఆశ్రయం అడిగారు. ఇద్దరూ ఏదో ఒక కారణం చెప్పారు. చివరికి ఒక ఉద్యానవనంలో కూర్చుని బొంబాయి రైలు కోసం ఎదురుచూశారు. చదువు, ఉద్యోగం, జీతం, మూడూ ఉన్న మనిషికి నాలుగు గోడలు దొరకలేదు. వందేళ్ల తర్వాత, 2016లో, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో హాస్టలు నుంచి వెలివేతకు గురైన రోహిత్ వేముల, ఆయన సహచరులు ఆరుబయట వేసుకున్న గుడారానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఊరికే పెట్టలేదు.

అక్కకు మాత్రం ఈ అనుభవం లేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆమె ఆసుపత్రి క్వార్టర్లలోనే ఉంది. క్వార్టరు కేటాయించడానికి సీనియారిటీ చూస్తారు, కులం చూడరు. మన దేశంలో తాళంచెవి ఇచ్చేముందు ‘మీరేమిట్లు’ అని అడగని ఇళ్లు చాలాకాలం పాటు ఈ ప్రభుత్వ క్వార్టర్లే. హైదరాబాదు చుట్టూ బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, ఎన్ఎఫ్‌సీ వంటి ప్రభుత్వ రంగ సంస్థల టౌన్‌షిప్పులు చేసిన మేలు ఉద్యోగాలతో ఆగలేదు. రిజర్వేషన్ల ద్వారా వచ్చిన దళితుడు, ఆదివాసీ అదే వరుసలో, అదే మెట్ల మీద మిగతావారికి పొరుగువాడయ్యాడు. ప్రభుత్వ ఉద్యోగం తగ్గడం అంటే ఆ పొరుగు తగ్గడం కూడా. ఈ కోణం మన చర్చల్లో ఎందుకో కనబడదు.

మూడు రోజుల నడక

తెలియని నగరంలో అద్దెకిచ్చే ఇల్లు కొనేవారు ఏం చూడాలి? నేను ఆర్థిక సలహాదారును కాను. తిరిగితే తెలిసిన సంగతులే చెబుతున్నాను.

మొదటిది, పని. అద్దె కట్టేవాడు ఎక్కడ పనిచేస్తాడో అక్కడికి ఒక బస్సులోనో ఒక రైలులోనో చేరగలిగిన చోటు కావాలి. మా డబ్బుకు పడమటి వైపు, ఐటీ కంపెనీల దిక్కున, ఆశ పెట్టుకోవడానికి లేదు. తూర్పున నాచారం, మల్లాపూర్, మౌలాలి, కుషాయిగూడ, చర్లపల్లి పారిశ్రామిక ప్రాంతాలు. అక్కడ చిన్న చిన్న కర్మాగారాలు, గిడ్డంగులు, ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. 2025 జనవరిలో చర్లపల్లి రైల్వే టెర్మినల్ ప్రారంభమైంది. మేం ఆ వైపే తిరిగాం.

రెండోది, వేళ. బ్రోకరు చూపించే వేళ మధ్యాహ్నం పదకొండు. ఆ వేళకు ప్రతి వీధీ ప్రశాంతంగానే ఉంటుంది. అక్క ఉదయం ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి కూడా నడిచింది. ఆరింటికి టిఫిన్ డబ్బాలతో షిఫ్టుకు వెళ్లేవారు ఎందరో, నీళ్ల ట్యాంకరు వస్తోందో లేదో, రాత్రి ఆడపిల్లలు ఒంటరిగా నడుస్తున్నారో లేదో ఆ నడకలో తెలుస్తుంది. ఒక వీధిలో ‘టు లెట్’ బోర్డులు ఎన్ని వేలాడుతున్నాయో లెక్కపెట్టింది. ఎక్కువ ఉంటే ఇల్లు ఖాళీగా ఉండే ప్రమాదం ఉన్నట్టే.

మూడోది, వాన. 2020 అక్టోబరు వరదలు హైదరాబాదుకు నేర్పిన పాఠం ఒకటుంది: చెరువు తన చోటును మరచిపోదు. ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు 2024లో హైడ్రా కూల్చివేతల తర్వాతే చాలామందికి తెలిసొచ్చాయి. తక్కువ ధరకు వచ్చే ఇల్లు నాలా పక్కనో చెరువు శిఖంలోనో ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ నష్టపోయేది ఎప్పుడూ చివరగా కొన్న చిన్నవాడే.

నాలుగోది, కాగితం. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, అనుమతి పొందిన ప్లాను, అవిభాజ్య స్థలం వాటా, పన్ను రసీదు. ఇవి లాయరుకు చూపించకుండా అడ్వాన్సు ఇవ్వరాదు. ‘నోటరీ ప్లాటు’ అన్న మాట వినగానే లేచి వచ్చేయాలి.

ఈ నాలుగో విషయం దగ్గర మాకు ఒక చేదు నిజం ఎదురైంది. నగర శివారులో ఒక బ్రోకరు మాకు ఒక స్థలం చూపించాడు. ధర చుట్టుపక్కల ధరలో సగం. ‘‘కొంచెం ఇష్యూ ఉంది మేడం, రేపోమాపో రెగ్యులరైజ్ అవుతుంది’’ అన్నాడు. తవ్వితే తేలింది, అది అసైన్డ్ భూమి. భూమిలేని పేదలకు ప్రభుత్వం పట్టా ఇచ్చిన నేల అది. అలాంటి భూమిని అమ్మడం, కొనడం చెల్లదని 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం చెబుతోంది. నగరం పెరిగినకొద్దీ ఆ పట్టాదారుల చేతుల్లోని భూమి తెల్లకాగితాల మీద, నోటరీల మీద చేతులు మారింది. ఆ పట్టాదారుల్లో దళితులు ఎందరో ఉంటారని వేరే చెప్పనక్కరలేదు. అక్క చాలాసేపు ఆ స్థలం గట్టున నిలబడింది. ‘‘మనలాంటోళ్లకిచ్చిన దాన్ని మనమే చౌకని కొంటే, ఇంకేం మిగుల్తుందే’’ అని వచ్చేసింది. చౌక ధర వెనుక ఎవరి నష్టం ఉందో అడగడం కూడా ఏరియా ఎంపికలో భాగమేనని ఆ రోజు నేర్చుకున్నాను.

రెండు ఫ్లాట్లు, ఒక తేడా

ఇక అసలు లెక్క. మేం చూసిన వాటిలో రెండు ఫ్లాట్లు దాదాపు ఒకే విస్తీర్ణం, ఒకే వయసు. మధ్య దూరం రెండు కిలోమీటర్లు. మొదటిదాని ధర 34 లక్షలు, అద్దె నెలకు 11 వేలు. రెండోదాని ధర 52 లక్షలు, అద్దె 13 వేలు. అద్దెలో తేడా అయిదో వంతు కూడా లేదు. ధరలో తేడా సగానికి పైగా ఉంది. ఎందుకని అడిగితే బ్రోకరు నవ్వాడు: ‘‘అక్కడ మంచి క్రౌడ్ మేడం.’’ మొదటిదాని వెనుక ఒక బస్తీ, ఒక చర్చి, దాని పక్కన మసీదు ఉన్నాయి. రెండోది ఒక గుడి చుట్టూ పెరిగిన కాలనీ.

రోడ్డు వెడల్పు, పార్కు, పాఠశాల వంటి తేడాలు కూడా ధరలో ఉంటాయి. రెండు ఫ్లాట్లను చూసి నగరాన్నంతా తీర్మానించడం నా శిక్షణకు విరుద్ధం. అయినా ఆ తేడాను గురించి ఆలోచించక తప్పలేదు. అద్దె కట్టేవాడు నీళ్లు, గాలి, బస్టాపు చూసి కడతాడు. కొనేవాడు రేపు మళ్లీ ఎవరు కొంటారని చూసి కొంటాడు. అంటే, అద్దె అన్నది ఇంటి ఉపయోగానికి వెల. ధరలో మాత్రం ఇంటితోపాటు పొరుగువారి వెల కూడా కలిసిపోతుంది. ‘మంచి క్రౌడ్’ అనే ఆ మాటకు మా లెక్కలో వెల దాదాపు 18 లక్షలు.

నేను చెప్పేదానికి పరిశోధనల మద్దతు కూడా ఉంది. త్రినా వితాయతిల్, గాయత్రి సింగ్ 2012లో ప్రచురించిన అధ్యయనం 2001 జనాభా లెక్కల వార్డు వివరాలతో దేశంలోని ఏడు మహానగరాలను పరిశీలించింది. వాటిలో హైదరాబాదు ఒకటి. ఆర్థిక స్థితి ప్రకారం మనుషులు విడివిడిగా నివసించడం కంటే కులం ప్రకారం విడివిడిగా నివసించడమే ఎక్కువని అది తేల్చింది. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ పరిసర నగరాల్లో అద్దె ఇళ్ల కోసం అగ్రకుల, దళిత, ముస్లిం పేర్లతో ఫోన్లు చేయించి 2015లో ఫలితాలు ప్రకటించింది. దళిత పేర్లకు తిరస్కారాలు, అదనపు షరతులు ఎదురయ్యాయి. ముస్లిం పేర్లకు అంతకంటే ఎక్కువ. నగరం కులాన్ని కరిగిస్తుందన్న నమ్మకానికి ఈ అధ్యయనాలు చోటివ్వవు. ఊరికి దూరంగా వాడ ఉన్నట్టే, నగరంలో ధరల పట్టిక వాడను గీస్తోంది. ప్రభుత్వం కట్టించే ఇళ్లు కూడా దీన్ని సరిదిద్దడం లేదు. కొల్లూరులో ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టారు. ఇల్లు దక్కినందుకు సంతోషించాలి. కానీ నగరం నడిమధ్య పనిచేసుకునే పేదలు ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒకేచోట ఎందుకుండాలన్నది కూడా అడగాలి.

వడ్డీ లెక్కకు అందని ఇల్లు

అక్క 34 లక్షల ఫ్లాటు కొంది. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం చొప్పున 2 లక్షల 55 వేలు, బ్రోకరుకు 34 వేలు. మొత్తం 36 లక్షల 89 వేలు. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుంటే అద్దె 1 లక్షా 21 వేలు. పన్ను, రంగులు, మరమ్మతులకు 16 వేలు తీసేస్తే మిగిలేది 1 లక్షా 5 వేలు. పెట్టిన డబ్బు మీద మూడు శాతం కూడా రాదు. అదే సమయంలో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వడ్డీ 8.2 శాతం. అందులో గరిష్ఠంగా పెట్టగలిగిన 30 లక్షలు పెడితే ఏడాదికి 2 లక్షల 46 వేలు వచ్చేవి. ఈ లెక్క నేనే వేసి చూపించాను. చదివే విద్యార్థుల ఇళ్లలో కూడా ఇలాంటి రిటైర్మెంటు డబ్బు ఉండవచ్చు, కనుక దాచకుండా రాస్తున్నాను. అద్దె ఆదాయం కోసమే అయితే ఇల్లు కొనడం తెలివైన పని కాదు.

అక్క కాగితం చూసి పక్కన పెట్టింది. ‘‘అమ్మ పోయినప్పుడు మనం ఎవరి స్థలంలో ఉన్నామో గుర్తుందా?’’ అంది. గుర్తుంది. మా గుడిసె ఉన్న నేల మాది కాదని, భూస్వామి కోపం వస్తే ఖాళీ చేయాల్సిందేనని తెలుసుకుంటూ పెరిగాం. ఒక కాగితం మీద మన పేరు ఉండడం తరతరాలుగా అది లేనివారికి వడ్డీ శాతాల్లో చెప్పలేని విషయం. నేను ఇక వాదించలేదు.

తాళంచెవి మన చేతికొచ్చినప్పుడు

కథ ఇక్కడ ముగిస్తే మేం మంచివాళ్లమన్నట్టు ముగుస్తుంది. అలా ముగించడం నిజాయితీ కాదు.

రిజిస్ట్రేషన్ అయిన వారానికి అసోసియేషన్ పెద్ద ఒకాయన అక్కను పలకరించాడు. ఆమె కులమేమిటో ఆయనకు తెలియదు. పద్ధతిగా, మర్యాదగానే చెప్పాడు: ‘‘అద్దెకెవరికిచ్చినా కాస్త చూసి ఇవ్వండమ్మా. ఎస్సీలు, తురకలు వస్తే మిగతావాళ్ల ఫ్లాట్ల రేటు పడిపోద్ది.’’ అక్క ఏమీ అనలేదు. నాలుగు రోజులకు ఒక జంట ఇల్లు చూడడానికి వచ్చింది. పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. అతను ఔట్‌సోర్సింగులో పారిశుద్ధ్య కార్మికుడు. ఆమె రెండు అపార్ట్‌మెంట్లలో ఇంటిపనులు చేస్తుంది. మా కులంవాళ్లే. అడ్వాన్సు చేతిలో పట్టుకుని వచ్చారు.

అక్క రేపు చెబుతానంది. రాత్రి నాకు ఫోన్ చేసింది. అసోసియేషన్‌వాళ్లు ఏమంటారోనని, ఉన్న డబ్బంతా దాంట్లోనే పెట్టాను కదా, రేటు పడితే ఎలాగని అంది. ఆమె గొంతులో సిగ్గు వినిపించింది. కులనిర్మూలన మీద పాఠం చెప్పే నేను ఆ రాత్రి ఏమన్నానో రాయాలి: ‘‘నీ ఇష్టం అక్కా.’’ నాకు నాలుగో ఇంటి పెద్దాయన గుర్తొచ్చాడు. అయినా అదే అన్నాను. తెల్లవారి అక్క వాళ్లకు ఫోన్ చేసి ఇస్తానంది. ఆలోపు వాళ్లు వేరేచోట అడ్వాన్సు ఇచ్చేశారు. ‘‘పర్లేదమ్మా, మీరు రేపన్నప్పుడే అనుకున్నాం’’ అన్నాడట అతను. ఆ మాట నేను మరచిపోలేను. ‘రేపు’ అన్న మాటకు అర్థం మా ఇద్దరికీ తెలుసు. ఒకప్పుడు ఆ మాట విన్నదాన్ని నేనే.

దీని నుంచి నాకు బోధపడినది ఇది. ధర రూపంలో వచ్చే కులం దళితుడి చేత కూడా కులాన్ని పాటింపజేయగలదు. ఎవరికీ ద్వేషం ఉండనక్కరలేదు. నా పొదుపు పోతుందేమోనన్న భయం చాలు. అందుకే ఈ సమస్యను ఇంటి యజమానుల మంచితనానికి వదిలివేయలేం. దానికి చట్టం కావాలి, అది పనిచేయాలి.

చట్టం ఉంది, లేదు

చట్టమే లేదని చాలామంది అనుకుంటారు. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టంలోని 4వ సెక్షన్, అస్పృశ్యత కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాసగృహం కట్టుకోవడాన్ని, పొందడాన్ని, అందులో నివసించడాన్ని అడ్డుకోవడం నేరమని చెబుతోంది. 12వ సెక్షన్ ప్రకారం బాధితులు షెడ్యూల్డ్ కులానికి చెందినవారైతే, కాదని రుజువయ్యేదాకా, అది అస్పృశ్యత కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి. ఎంత పదునైన నిబంధన! ‘టు లెట్’ బోర్డు కింద అది మొద్దుబారుతోంది. మా ఆడపడుచు కొడుకు వస్తున్నాడంటే తిరస్కారం జరిగిందనే రుజువు చేయలేం. క్రైస్తవం స్వీకరించిన దళితులను చట్టం షెడ్యూల్డ్ కులంగా గుర్తించదు కనుక ఆ మాత్రం రక్షణా వారికి అందదు. ముస్లింలకు మతం పేరుతో ఇల్లు నిరాకరిస్తే ఆశ్రయించడానికి ఈ చట్టం లేదు. రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల పేరు చెప్పింది కానీ అద్దె ఇంటి పేరు చెప్పలేదు. ఒక మతస్థులకు మాత్రమే సభ్యత్వమిచ్చే గృహనిర్మాణ సహకార సంఘం నిబంధనను సుప్రీంకోర్టు 2005లో జొరాస్ట్రియన్ సొసైటీ కేసులో సమర్థించింది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదంది. ‘మీరేమిట్లు’ అని అడగరాదని అనలేదు.

అమెరికాలో నల్లజాతివారి విషయంలో ఇదే జరిగింది. 1930లలో అక్కడి ప్రభుత్వ సంస్థే నగరాల పటాలు గీసి, నల్లవారుండే ప్రాంతాలను ఎర్రరంగుతో ప్రమాదకరమైనవిగా గుర్తించింది. 1968లో సమాన గృహవసతి చట్టం వచ్చింది. దాని అమలుకు పౌరసంఘాలు ఒక పద్ధతి పాటించాయి. ఒకే ఇంటికి ఒకే ఆదాయమున్న తెల్లవారిని, నల్లవారిని వేర్వేరుగా పంపి, వచ్చిన జవాబులను నమోదు చేయడం. అలా పంపిన పరీక్షకులు కూడా దావా వేయవచ్చని అక్కడి సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. అమెరికాలో వివక్ష పోలేదు. కానీ ‘ఇప్పుడే వేరేవాళ్లకిచ్చాం’ అన్న అబద్ధాన్ని పట్టుకునే సాధనం ఒకటి ఏర్పడింది.

మనకూ అదే కావాలి. కులం, మతం కారణంగా అద్దె నిరాకరణను నిషేధించే స్పష్టమైన చట్టం, వ్యక్తులకే కాక బ్రోకర్లకు, అసోసియేషన్లకు, ప్రకటనలకు వర్తించేలా రావాలి. పరీక్షకుల సాక్ష్యాన్ని అది అంగీకరించాలి. విశ్వవిద్యాలయాల్లోని విద్యార్థి సంఘాలు ఆ చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. రెండు పేర్లు, ఒక ఫోను, ఒక నోటుపుస్తకం చాలు. మీ క్యాంపస్ చుట్టూ ఉన్న కాలనీల్లో ఎవరికి ఇల్లు దొరుకుతోందో, ఎవరికి ‘రేపు’ దొరుకుతోందో రాసి పెట్టండి. ఆధారం లేని ఆవేదనను ప్రభుత్వాలు సులువుగా మరచిపోతాయి.

అక్క ఫ్లాటులో ఇప్పుడొక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే కుర్రాడు, అతని తల్లి ఉంటున్నారు. అతన్ని అక్క మూడు ప్రశ్నలు అడిగింది: ఎక్కడ పని, ఎంతమంది ఉంటారు, అద్దె ఏ తారీఖున ఇస్తావు. అసోసియేషన్ పెద్ద మళ్లీ కనబడి ‘‘వాళ్లేమిట్లమ్మా?’’ అని అడిగాడట. ‘‘నేనడగలేదండీ. మీరూ అడక్కండి’’ అని, ‘‘అన్నట్టు, మేం మాదిగోళ్లం’’ అని చెప్పి మెట్లు దిగి వచ్చేసిందట. ఫ్లాటు రేటు పడిందో లేదో మేమింకా కనుక్కోలేదు.